పావు మైలు పందెంలో కమాను కట్టలు

తిన్నగా, నున్నగా ఉన్న బాట. దాని మీద రెండు కార్లు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఎదురుగా ఒక స్తంభం, దానికి రంగురంగుల దీపాలు. పసుపు దీపాలు వెలిగాయి. వెంటనే ఆకుపచ్చ దీపం వెలిగింది. అంతే! రెండు కార్లూ వింటినుంచి వదిలిన బాణాల్లాగా దూసుకుపోయాయి. మీరు ఒకటి నుంచి పది దాకా నింపాదిగా లెక్కపెట్టేలోపల పందెం కాస్తా అయిపోయింది!

బాలలూ, ఇది అమెరికా దేశంలో పుట్టిన పందెం. దీనిని డ్రాగ్ రేసు అంటారు. ఇందులో మలుపులు లేవు, చుట్లు లేవు. బయలుదేరిన చోటునుంచి పావు మైలు తిన్నగా పోవాలి. పావు మైలంటే 1320 అడుగులు, అంటే సుమారు 402 మీటర్లు. ఈ దూరాన్ని పది సెకన్లలో దాటే కారు, గీత దాటేటప్పటికి గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతూ ఉంటుంది. అంత వేగం తెచ్చుకోవడానికి దానికి దొరికేది పది సెకన్లే.

"అయితే పెద్ద ఇంజను ఉన్న కారే గెలుస్తుంది. ఇందులో విశేషమేముంది?" అని మీరు అనవచ్చు. విశేషం ఉంది. ఒకే రకం ఇంజను ఉన్న రెండు కార్లను పక్కపక్కన నిలబెట్టారనుకోండి. దీపం వెలిగింది. ఒక కారు వెనక చక్రాలు గిర్రున తిరిగి, పొగ లేపి, గడగడలాడుతూ నిలబడ్డ చోటనే గెంతులు వేశాయి. రెండో కారు చప్పుడు లేకుండా ముక్కు కాస్త పైకెత్తి ముందుకు దూకింది. ఇంజనులో తేడా లేదు. మరి తేడా ఎక్కడుంది?

కారు కింద, వెనకవైపు ఉంది. అక్కడ ఉన్నవి కమాను కట్టలు!

మన లారీలో ఉన్నవే

కమాను కట్టలు చూడటానికి మీరు అమెరికా వెళ్ళనవసరం లేదు. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ వెనక చక్రాల దగ్గరకు దూరంనుంచి తొంగి చూడండి. విల్లులాగా వంగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయి. అన్నిటికన్నా పై పట్టీ పొడుగు. దాని కింద దానికన్నా పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది. ఈ కట్టనే మన మెకానిక్కులు కమాను కట్ట అంటారు. కమాను అంటే విల్లు గదా, పేరు చక్కగా అతికింది.

పొడుగు పట్టీకి రెండు కొసలా రెండు కన్నాలుంటాయి. ముందు కన్నాన్ని బండి చట్రానికి బోల్టుతో బిగిస్తారు. వెనక కన్నాన్ని మాత్రం తిన్నగా బిగించరు. షాకిల్ అనే ఊగే ముక్క ద్వారా చట్రానికి తగిలిస్తారు. ఎందుకంటే, వంగిన విల్లు మీద బరువు పడి చదునైనప్పుడు దాని కొసలు దూరం జరుగుతాయి. జరగడానికి చోటు లేకపోతే పట్టీ విరిగిపోతుంది. ఇక కట్ట నడుముకు యూ ఆకారపు బోల్టులతో వెనక ఇరుసును బిగిస్తారు.

లారీలో ఈ కట్టకు ఉన్న ముఖ్యమైన పని బరువు మోయడం, గతుకుల దెబ్బ తగ్గించడం. పందెం కారులో దీనికి మరొక పని కూడా ఉంది. చక్రాలు తోసిన తోపును చట్రానికి అందించేది ఇదే. చక్రాలు ఇరుసును ముందుకు నెడతాయి, ఇరుసు కట్టను నెడుతుంది, కట్ట తన ముందు కన్నం ద్వారా కారును నెడుతుంది. కారు మొత్తాన్నీ ముందుకు తోసేవి ఆ రెండు కన్నాలేనన్నమాట!

కారు ఎందుకు గెంతుతుంది?

పడవలోనుంచి గట్టు మీదికి దూకితే ఏమవుతుంది? మీరు ముందుకు పోతారు, పడవ వెనక్కు పోతుంది. మనం దేన్ని ఒకవైపు తోస్తే అది మనల్ని రెండోవైపు తోస్తుంది. ఇది న్యూటన్ చెప్పిన మూడో సూత్రం.

తిరిగే వస్తువులకు కూడా ఇదే నియమం. ఇంజను శక్తి ఒక పొడుగాటి షాఫ్టు ద్వారా వెనకకు వచ్చి, పినియన్ అనే చిన్న పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. పినియన్ పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. దానితో కారు చక్రాలు ముందుకు తిరుగుతాయి. అయితే చక్రాలు ముందుకు తిరిగేటప్పుడు, వాటిని పట్టుకొని ఉన్న ఇరుసు పెట్టె వెనక్కు తిరగాలని చూస్తుంది. అంటే, షాఫ్టు వచ్చి కలిసే దాని ముక్కు పైకి లేస్తుంది.

ఇరుసును పట్టుకొని ఉన్నవి కమాను కట్టలే గనక, ఆ మెలిక అంతా వాటి మీదనే పడుతుంది. కట్టలో ఇరుసుకు ముందున్న సగం పైకి ఉబ్బుతుంది, వెనకనున్న సగం కిందికి కుంగుతుంది. పక్కనుంచి చూస్తే కట్ట పాములాగా మెలి తిరిగి కనిపిస్తుంది. ఉక్కు ఊరుకుంటుందా? చక్రం కాస్త జారగానే కట్ట తిరిగి విడుచుకుంటుంది. చక్రం మళ్ళీ పట్టు చిక్కించుకోగానే మళ్ళీ మెలి తిరుగుతుంది. ఇలా సెకనుకు ఎన్నోసార్లు జరిగితే చక్రాలు నేలమీద దబదబా గెంతుతాయి. గెంతే చక్రానికి పట్టు ఉండదు. పైగా ఆ కుదుపులకు షాఫ్టులు విరుగుతాయి, పళ్ళచక్రాల పళ్ళు రాలతాయి.

బరువు వెనక్కు పోవడం

బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డ వాళ్ళందరూ వెనక్కు తూలతారు. కారు బరువు కూడా అలాగే వెనక్కు తూలుతుంది. ముందు చక్రాల మీద భారం తగ్గి, వెనక చక్రాల మీద పెరుగుతుంది. నేల మీద ఎంత గట్టిగా ఒత్తితే టైరుకు అంత పట్టు దొరుకుతుంది గనక, పందెంవాళ్ళకు ఇది ఎంతో మేలు.

ఎంత బరువు వెనక్కు పోతుందో మీరే లెక్కకట్టవచ్చు. 1500 కిలోల కారు ఉందనుకోండి. దాని గరిమనాభి నేలకు 54 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 270 సెంటీమీటర్లు. 54 అనేది 270లో అయిదో వంతు. చక్రాలు కారును దాని బరువుతో సమానమైన బలంతో ముందుకు తోస్తే, కారు బరువులో అయిదో వంతు, అంటే 300 కిలోల భారం, ముందు చక్రాలను వదిలి వెనక చక్రాల మీదికి వస్తుంది. గరిమనాభి ఇంకా ఎత్తున ఉంటే ఇంకా ఎక్కువ వస్తుంది.

అమెరికాలో క్రైస్లర్ కంపెనీ ఇంజనీర్లు కొందరు తీరిక వేళల్లో కలుసుకొని రామ్‌చార్జర్స్ అనే పందెం జట్టు పెట్టుకున్నారు. వాళ్ళు 1949 నాటి పాత ప్లిమత్ కారును తీసుకొని, ఈ లెక్క ప్రకారమే దాన్ని వింతగా ఎత్తు పెంచారు. 1959లో పందానికి తెచ్చిన ఆ కారుకు 'హై అండ్ మైటీ' అని పేరు. దాని రూపు చూస్తే నవ్వు వచ్చేది. కాని నవ్విన వాళ్ళకు తెలియని లెక్క వాళ్ళకు తెలుసు!

బరువు వెనక్కు పోవడం మంచిదే గాని, అది మితిమీరకూడదు. బురదలో దిగబడ్డ ట్రాక్టరును బలవంతంగా లాగించబోతే దాని ముందు చక్రాలు గాలిలోకి లేవడం మన పల్లెల్లో పెద్దవాళ్ళకు తెలుసు. అది వెనక్కు తిరగబడితే ప్రాణాలే పోతాయి. కారు ముందు చక్రాలు గాలిలో ఉంటే స్టీరింగు తిప్పినా లాభం లేదు. అందుచేత చక్రాలు నేలను వదిలీ వదలనట్టు ఉండేలా చూసుకోవడమే నేర్పు.

రెండు చిన్న ప్రయోగాలు

ఇప్పుడు మీ ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. అది బల్ల అంచు దాటి 20 సెంటీమీటర్లు బయటికి ఉండేలా పెట్టి, బల్ల మీది భాగాన్ని చేత్తో నొక్కి పట్టుకోండి. కొసకు ఒక చిన్న బరువు వేలాడదీసి, కొస ఎంత కిందికి వంగిందో కొలవండి. తరవాత 10 సెంటీమీటర్లు మాత్రమే బయట ఉంచి, అదే బరువు వేలాడదీయండి. వంపు సగానికి తగ్గిందా? కాదు, దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గింది! పొడుగు సగమైతే గట్టిదనం రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది రెట్లు పెరుగుతుంది.

రెండో ప్రయోగానికి ఒక నోటుపుస్తకం చాలు. దాన్ని వంచి అంచు చూడండి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి, అంచు ఏటవాలుగా అవుతుంది. ఇప్పుడు పుస్తకాన్ని తిన్నగా పెట్టి, రెండు అంచులనూ వేళ్ళతో గట్టిగా బిగించి వంచబోండి. వంగనంటుంది! కాగితాలు జారలేకపోవడమే దీనికి కారణం.

ఈ రెండు విషయాలూ తెలిసినవాడికి కమాను కట్ట రహస్యం సగం తెలిసినట్టే.

కమానును గడ్డపారగా మార్చడం

క్రైస్లర్ కంపెనీవాళ్ళు 1957 నుంచే తమ కార్లలో వెనక ఇరుసును కమాను కట్ట నడిమధ్యన కాకుండా కొంచెం ముందుకు జరిపి బిగించారు. దానితో కట్ట ముందు భాగం పొట్టిదయింది, వెనక భాగం పొడుగయింది. పొట్టి స్కేలు సంగతి మీకు తెలుసు గదా! పొట్టి భాగం వంగకుండా గట్టిగా నిలుస్తుంది, పొడుగు భాగం మెత్తగా ఊగి బరువు మోస్తుంది. 1960ల్లో పందెం కార్ల కోసం ఇదే పద్ధతిని ఇంకా ముందుకు తీసుకుపోయి ప్రత్యేకమైన కట్టలు తయారుచేశారు.

పందెంవాళ్ళు ఇంకొక పని చేస్తారు. కట్ట ముందు భాగంలో పట్టీలన్నిటినీ కలిపి క్లాంపులతో గట్టిగా బిగిస్తారు. వెనక భాగంలో బిగువు వదిలేస్తారు. ఇది మన నోటుపుస్తకం ప్రయోగమే! ముందు పట్టీలు జారలేవు గనక ఒకే గట్టి కడ్డీలాగా పనిచేస్తాయి. వెనక పట్టీలు హాయిగా జారి విచ్చుకుంటాయి.

దీనివల్ల లాభమేమిటి? గడ్డపారతో బండరాయి లేపడం గుర్తు తెచ్చుకోండి. గడ్డపార కొస బండను పైకి లేపుతుంది. అదే సమయంలో దాని కింద ఆనుగా పెట్టిన రాయి నేలలోకి దిగబడుతుంది. ఇరుసు పెట్టె ముక్కు పైకి లేవబోయినప్పుడు, గట్టిపడిన కట్ట ముందు భాగం గడ్డపారలాగా కారు చట్రాన్ని పైకి ఎత్తుతుంది. ఎత్తిన బలానికి ఎదురుగా ఇరుసూ, టైర్లూ నేలకు అదుముకుంటాయి. చెడగొట్టే మెలికే ఇప్పుడు పనికివచ్చే బలమయింది!

ఇంట్లో ముల్లు తిరిగే బరువు యంత్రం ఉంటే దాని మీద గొంతుకు కూర్చొని చప్పున లేవండి. లేచే క్షణంలో ముల్లు మీ బరువుకన్నా ఎక్కువ చూపిస్తుంది. మీ ఒంటిని పైకి తోయడానికి మీరు యంత్రాన్ని కిందికి తొక్కారు గనక! కారు వెనక భాగం లేచే ఆ మొదటి క్షణంలో టైర్ల సంగతీ ఇంతే.

కుడి ఎడమల తగాదా

ఇంకా ఒక చిక్కు ఉంది. పొడుగాటి షాఫ్టు తిరిగేటప్పుడు ఇరుసును కూడా తనతోపాటు తిప్పాలని చూస్తుంది. ఆ అమెరికా కార్లను వెనకనుంచి చూస్తే, షాఫ్టు గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. అందుచేత ఎడమ చక్రం నేలకు ఒత్తుకుంటుంది, కుడి చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం ఊరికే తిరిగిపోతుంది. లేదా ఎడమ చక్రం ఒక్కటే ఎక్కువగా తోసి, కారు కుడి పక్కకు లాగేస్తుంది. పక్కన గోడ ఉంటే? పక్క బాటలో మరొక కారు ఉంటే? ఇది ఓడిపోవడంకన్నా పెద్ద ప్రమాదం.

దీనికి విరుగుడుగా కుడి కమాను కట్టను ఎడమదానికన్నా కాస్త గట్టిగా, లేదా కాస్త ఎక్కువ వంపుతో చేస్తారు. కారు నిలబడి ఉన్నప్పుడు కుడి వెనక మూల కొద్దిగా ఎత్తుగా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు "కారు వంకరగా ఉందే!" అంటారు. పరుగు మొదలుకాగానే ఆ వంకరే చక్కబడి, రెండు టైర్లూ సమంగా నేలను పట్టుకుంటాయి.

అమర్చే పద్ధతి

ఇక పందానికి ముందు కారును ఎలా సిద్ధం చేస్తారో చూడండి.

మొట్టమొదట కారును చదునైన నేలమీద నిలబెడతారు. నడిపేవాడు తన సీటులో కూర్చోవాలి, లేదా అతని బరువుకు సమానమైన ఇసుక బస్తా పెట్టాలి. ఎందుకంటే కారు నడిచేటప్పుడు అతను అందులో ఉంటాడు గదా.

తరవాత కట్టల్లో పట్టీలు చిట్లాయా, కన్నాల్లోని బుష్‌లు అరిగాయా, యూ బోల్టులు వదులయ్యాయా అని చూస్తారు. ముందు కన్నం నుంచి ఇరుసు దాకా కుడివైపు ఎంత దూరం ఉందో, ఎడమవైపు కూడా అంతే ఉండాలి. తేడా ఉంటే కారు పీతలాగా పక్కకు నడుస్తుంది.

పిమ్మట ఇరుసు పెట్టె ముక్కు కోణం సరిచేస్తారు. పరుగు మొదలుకాగానే ముక్కు పైకి లేస్తుందని చెప్పుకున్నాం. అందుచేత నిలబడి ఉన్నప్పుడే దాన్ని షాఫ్టు వాలుకన్నా కిందికి, కమాను కట్టల కార్లలో సాధారణంగా 5 నుంచి 7 డిగ్రీల దాకా, వంచి పెడతారు. ముక్కు లేచేసరికి షాఫ్టూ పినియనూ ఒకే వరసలోకి వస్తాయి. కొన్ని కార్లలో ముక్కు మరీ లేవకుండా దానిపైన ఒక రబ్బరు దిమ్మ కూడా పెడతారు. ముక్కు లేవగానే దిమ్మ కారు అడుగు భాగానికి తగిలి, ఆపుతుంది.

చివరిది షాక్ అబ్జార్బర్ల పని. ముందువి కారు ముక్కును తేలికగా లేవనిచ్చి, నెమ్మదిగా దిగనివ్వాలి. వెనకవి చక్రాలను ఎగరనివ్వకుండా పట్టి ఉంచాలి.

అన్నీ అయ్యాక ఒకసారి నడిపి చూస్తారు. అప్పుడు వాళ్ళు చూసేది పావు మైలుకు పట్టిన కాలం ఒక్కటే కాదు, మొదటి 60 అడుగులకు పట్టిన కాలం కూడా. అక్కడ పదోవంతు సెకను మిగిలితే, చివరికి అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. కాలం బాగా లేకపోతే ఒక మార్పు చేసి మళ్ళీ నడుపుతారు. గుర్తుంచుకోండి, ఒకసారికి ఒకే మార్పు! ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, మేలు దేనివల్ల కలిగిందో, కీడు దేనివల్ల కలిగిందో ఎవరికీ తెలియదు. ప్రతి మార్పునూ, ప్రతి కాలాన్నీ పుస్తకంలో రాసుకుంటారు. సైన్సు ప్రయోగశాలలో జరిగేదీ ఇదే.

ఇప్పుడు అన్నిటికన్నా వేగంగా పోయే డ్రాగ్ కార్లకు వెనక స్ప్రింగులే ఉండవు. ఇరుసును తిన్నగా చట్రానికే బిగించేస్తారు. అయినా పాత కార్లతో పోటీచేసే తరగతుల్లో కమాను కట్టలవాళ్ళు ఈనాటికీ పందాలు ఆడుతున్నారు, గెలుస్తున్నారు.

వీధిలో వద్దు

చివరగా ఒక ముఖ్యమైన మాట. రెండో ప్రపంచయుద్ధం తరవాత అమెరికాలో కుర్రవాళ్ళు పాత కార్లు కొని, వాటిని బాగుచేసి, ఊరి వీధుల్లోనే పందాలు వేసుకునేవారు. అది వాళ్ళకూ ప్రమాదం, ఏ పాపమూ ఎరగని దారినపోయేవాళ్ళకూ ప్రమాదం. దీన్ని మాన్పించడానికి కొందరు పెద్దలు మంచి ఉపాయం ఆలోచించారు. "పందాలు వద్దు" అని ఊరుకోకుండా, పందాలకు వేరే చోటు చూపించారు. 1950లో కాలిఫోర్నియాలోని సాంటా అనాలో ఒక విమానాశ్రయపు బాట మీద పందాలు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ అనే పత్రికా సంపాదకుడు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. 1955లో కాన్సాస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో ఆ సంస్థ మొదటి జాతీయ పందాలు ప్రారంభమయ్యాయి. కారు పరీక్ష, తలకు హెల్మెట్, నడుముకు బెల్టు, పక్కన అంబులెన్సు, ఇవన్నీ ఉంటేనే పందెం.

మన ఊళ్ళలో కూడా రాత్రివేళ రోడ్ల మీద మోటారు సైకిళ్ళతో పందాలు వేసుకొని ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రవాళ్ళు ఉన్నారు. మీ అన్నయ్యలకు ఇటువంటి సరదా ఉంటే, ఈ వ్యాసం చదివి వినిపించండి. వేగం అంటే యాక్సిలరేటరు తొక్కడం కాదనీ, నెలల తరబడి కొలవడం, బిగించడం, రాసుకోవడం అనీ వాళ్ళకు తెలుస్తుంది.

ఇకమీదట ఆగి ఉన్న లారీ కనబడితే దాని కమాను కట్టలను దూరంనుంచే ఒకసారి చూడండి. కిందికి మాత్రం దూరకండి! పట్టీలు ఎన్ని ఉన్నాయో, ఇరుసు కట్ట నడిమధ్యన ఉందో, ముందుకు జరిగి ఉందో లెక్కచూడండి. అలా ఎందుకు పెట్టారో మీ నాన్నగారికి మీరే చెప్పవచ్చు.